ఒక్క ‘కరెక్టేనా’కి జర్మన్‌లో ఎన్ని మాటలు?

ప్రశ్న: నమస్కారమండీ. మాది ఏలూరు దగ్గర పల్లెటూరు. హైదరాబాద్‌లో జర్మన్ బీ-1 దాకా చదివి, నర్సింగ్ శిక్షణ కోసం ఎనిమిది నెలల క్రితం డ్రెస్డెన్ వచ్చాను. పరీక్షల్లో మంచి మార్కులే వచ్చాయి. ఇక్కడ మాత్రం ఒక చిన్న మాట దగ్గర రోజూ తడబడుతున్నాను. ఏదైనా విన్నాక ‘ఇది కరెక్టేనా?’ అని అడగడం నాకు చేతకావడం లేదు. మొన్న హోటల్లో బిల్లు 23 యూరోల 60 సెంట్లు అయింది. 30 యూరోలు ఇచ్చి, లెక్క సరిపోయిందా అని అడుగుదామని ‘ష్టిమ్ట్ జో’ అన్నాను. వడ్డించినాయన మొహం వెలిగిపోయింది. రెండుసార్లు ధన్యవాదాలు చెప్పి, చిల్లర ఇవ్వకుండా వెళ్ళిపోయాడు. వార్డులో ఇంకా ఇబ్బంది. రక్తపరీక్షకు ముందు ఒక పెద్దావిడ గురించి ‘ఆమె ఏమీ తినలేదు కదా?’ అని సీనియర్ అడిగితే, అవును తినలేదు అనే అర్థంలో ‘యా’ అన్నాను. తిన్నదని ఆమె అనుకుంది. పరీక్ష మర్నాటికి వాయిదా పడింది. అప్పటి నుంచి భయంతో అన్నిటికీ తల ఊపేస్తున్నాను. పదే పదే అడిగితే భాష రాదనుకుంటారేమోనని బెంగ. ష్టిమ్ట్, రిహ్టిహ్, పస్ట్, ఓడర్, నిహ్ట్ వార్... వీటిలో అసలు వాడాల్సింది ఏది?

ఇంకొక సందేహం. మా ఇంటి యజమానురాలు నేను ఏది అడిగినా ముక్తసరిగా ‘ను’ అంటుంది. సైకిల్‌ను మెట్ల కింద పెట్టుకోవచ్చా అని అడిగినా అదే మాట. మూడు నెలలుగా నా సైకిల్ వానలో తడుస్తోంది. ఆవిడకు నా మీద కోపమా?

(పేరు రాయవద్దన్నారు, డ్రెస్డెన్)

సమాధానం: మీ ఆరు యూరోల నలభై సెంట్లతోనే మొదలుపెడతాను. మీ ఉత్తరంలోని చిక్కు చాలావరకు ఆ చిల్లరలోనే ఉంది.

‘ష్టిమ్ట్ జో’ అంటే ‘ఇలాగే సరి’. డబ్బు చేతిలో పెట్టి ఆ మాట అన్నారంటే, మిగిలింది మీరే ఉంచుకోండి అని అర్థం. అక్కడ మామూలుగా బిల్లు మీద అయిదు నుంచి పది శాతం దాకా ఇస్తారు. మీరు పావు వంతుకు పైగా ఇచ్చారు. ఆయన మొహం వెలగక ఏం చేస్తుంది! మీరు అడగదలచుకున్నది ‘ష్టిమ్ట్ దస్?’ లేదా ‘ష్టిమ్ట్ దస్ జో?’ మధ్యలో ‘దస్’ ఉంటే అది ప్రశ్న, ‘ఇది సరిపోయిందా?’ అని. ఆ ‘దస్’ ఎగిరిపోతే అది దానం. ఇకముందు హోటల్లో డబ్బిచ్చేటప్పుడు ఎంత తీసుకోవాలో ఆ మొత్తం చెప్పేయండి. 30 చేతికిచ్చి ‘ఫ్యున్ఫ్-ఉన్ట్-త్స్వాన్‌త్సిహ్’, అంటే 25, అంటే చాలు. అయిదు యూరోలు తిరిగి వస్తాయి, ఆయనకూ తృప్తిగా ఉంటుంది. బవేరియాకో ఆస్ట్రియాకో వెళ్ళినప్పుడు ‘పస్ట్ జో’ అన్నా చిల్లర అలాగే పోతుందని గుర్తుంచుకోండి.

ఉచ్చారణ గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళతాను. ‘రిహ్టిహ్’లో నేను ‘హ్’ అని రాస్తున్న శబ్దం మన లిపిలో లేదు. ‘హ్యా’ అనబోయి, ‘యా’ పలకకుండా ఆగిపోతే నోట్లోంచి వచ్చే గాలి అది. మనవాళ్ళు చాలామంది దాన్ని ‘ష్’ చేస్తారు. రైన్ నది ప్రాంతంలో జర్మన్లే అలా పలుకుతారు కాబట్టి కంగారు పడవద్దు. ‘జో’, ‘జీ’ అని రాసినచోట మాత్రం ఇంగ్లిష్ జెడ్ శబ్దం అనుకోండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. వీటిలో ఏది వాడాలి? అన్నీ వాడాలి, ఒకదాని బదులు ఒకటి కాదు. నేను హైదరాబాద్‌లో జర్మన్ చెప్పిన రోజుల్లో ప్రతి బ్యాచ్‌లోనూ ఈ ప్రశ్న వచ్చేది. మొదట్లో పట్టిక రాసి ఇచ్చేదాన్ని. ఎవరికీ ఉపయోగపడలేదు. తరువాత నాకు తట్టింది ఏమిటంటే, ఇబ్బంది జర్మన్‌తో కాదు, మన ‘కరెక్ట్’తో. మన పెద్దవాళ్ళ మాట వినండి. లెక్క అయితే ‘సరిపోయింది’ అంటారు. బడిలో జవాబు అయితే ‘ఒప్పు’. చొక్కా అయితే ‘కుదిరింది’. మనిషి అన్న మాట అయితే ‘మీ మాటలో న్యాయం ఉంది’. దారి అయితే ‘ఇటే’. ఇన్ని మాటలున్న భాషలో పుట్టి, మనం అన్నిటికీ ‘కరెక్ట్’ అని ఒకే ముద్ర కొట్టేస్తున్నాం. ఆ ఒక్క మాటను పట్టుకుని జర్మన్ నిఘంటువులోకి వెళితే అయిదు మాటలు ఎదురై తికమక పెడతాయి. అమ్మమ్మ మాటలతో వెళ్ళండి, ఒక్కోదానికి ఒక్కో జోడీ సులువుగా దొరుకుతుంది.

ష్టిమ్ట్ అంటే సరిపోయింది. ఈ మాట పుట్టుక నాకు చాలా ఇష్టం. జర్మన్‌లో ‘ష్టిమ్మె’ అంటే గొంతు, స్వరం. ఓటును కూడా అదే మాటతో అంటారు. ‘ష్టిమ్మెన్’ అనే క్రియకు వయొలిన్‌నో పియానోనో శ్రుతి చేయడం అనే అర్థం కూడా ఉంది. అంటే ‘దస్ ష్టిమ్ట్’ అన్నప్పుడు వాళ్ళ చెవికి ‘శ్రుతి కలిసింది’ అన్న ఛాయ కూడా ఉందన్నమాట. చెప్పిన మాట ఒకటి, జరిగిన సంగతి ఒకటి. రెండూ కలిశాయా అని చూడడం. అందుకే బిల్లుకు, తేదీకి, విన్న వార్తకు, రాసుకున్న ఫోన్ నంబరుకు ఇదే వాడతారు. ఏదో తేడాగా ఉందనిపిస్తే ‘దా ష్టిమ్ట్ ఎట్వస్ నిహ్ట్’ అంటారు. మనం ‘ఎక్కడో శ్రుతి తప్పింది’ అనుకుంటాం చూడండి, అచ్చంగా అదే. ఇందులో మీకొక అదనపు లాభం ఉంది. ‘ష్టిమ్ట్ దస్?’లో ‘నువ్వు’, ‘మీరు’ అనే మాటే రాదు. ఎవరిని ‘దూ’ అనాలి, ఎవరిని ‘జీ’ అనాలి అని తేల్చుకోలేని తొలి నెలల్లో పెద్ద డాక్టరునైనా తోటి విద్యార్థినినైనా నిశ్చింతగా ఇదే అడగవచ్చు.

రిహ్టిహ్ అంటే ఒప్పు. తప్పొప్పుల ప్రపంచం దీనిది. వాక్యంలో వ్యాకరణం ఒప్పా, సూది పట్టుకున్న తీరు ఒప్పా, ఫారం నింపిన పద్ధతి ఒప్పా అన్నప్పుడు ‘ఇస్ట్ దస్ రిహ్టిహ్?’ అనండి. మీవంటి బాగా చదువుకున్న పిల్లలు దీన్ని అతిగా వాడతారు. తప్పు మీది కాదు. గ్యోటె సంస్థ పెట్టే జర్మన్ పరీక్షల్లో మొదటి మెట్టయిన ఏ-1 నుంచే ‘రిహ్టిహ్, ఫల్ష్’ అని రెండు గడులిచ్చి టిక్కు పెట్టమంటారు. నెలల తరబడి టిక్కులు పెట్టిన చేయి బజారులోనూ అదే గడి వెతుక్కుంటుంది. కూరగాయల కొట్లో ‘ఇస్ట్ దస్ రిహ్టిహ్?’ అంటే అర్థం కాకపోదు. కాకపోతే పరీక్ష రాయడానికి వచ్చినట్టు ఉంటుంది.

ఇదే మాటకు ఇంకో వాడుక ఉంది, అది మీకు రోజూ పనికొస్తుంది. ‘బిన్ ఇహ్ హీర్ రిహ్టిహ్?’ పదానికి పదం చూస్తే ‘నేను ఇక్కడ ఒప్పునా?’ అన్నట్టు వింతగా ఉంటుంది. అసలు అర్థం ‘నేను సరైన చోటికే వచ్చానా?’ ఆఫీసు తలుపు దగ్గర, పరీక్ష గది ముందు, ఆసుపత్రిలో కొత్త విభాగంలో అడుగుపెట్టినప్పుడు తల లోపలికి పెట్టి ఈ ఒక్క వాక్యం అంటే చాలు. ‘యా, కోమెన్ జీ రైన్’, అంటే రండి లోపలికి అనో, ‘మూడో అంతస్తు’ అనో జవాబు వస్తుంది. అందువల్లే, ‘నేను అన్నది కరెక్టే’ అని చెప్పడానికి ‘ఇహ్ బిన్ రిహ్టిహ్’ అనకూడదు. దానికి ‘ఇహ్ హాబె రెహ్ట్’ అనాలి. ‘హాబె’ అంటే నా దగ్గర ఉంది, ‘రెహ్ట్’ అంటే న్యాయం, హక్కు. ‘జీ హాబెన్ రెహ్ట్’ అంటే అక్షరాలా ‘మీ దగ్గర న్యాయం ఉంది’. మనం అనే ‘మీ మాటలో న్యాయం ఉంది’కి ఇంత దగ్గరగా ఉన్న జర్మన్ వాక్యం ఇంకొకటి నాకు తెలియదు.

చోటు సంగతి వచ్చింది కాబట్టి నా పరాభవం ఒకటి చెబుతాను. బెర్లిన్ నుంచి కొలోన్ వైపు వెళ్ళే వేగపు రైళ్ళు కొన్ని హమ్ అనే స్టేషన్‌లో రెండుగా విడిపోతాయి. ఒక సగం వుపర్టాల్ మీదుగా కొలోన్ వెళుతుంది. రెండో సగం డోర్ట్‌మున్ట్, ఎసెన్ మీదుగా డ్యూసెల్డోర్ఫ్ వెళుతుంది. నేను బెర్లిన్‌లో ఎక్కేటప్పుడు ‘ఇది వుపర్టాల్ వెళ్ళే రైలేనా?’ అని చక్కటి జర్మన్‌లో అడిగాను. అవునన్నారు. రైలు వెళుతుంది మరి! నేను కూర్చున్న పెట్టె వెళ్ళదు. ‘ఫేర్ట్ డీజర్ వాగెన్ నాఖ్ వుపర్టాల్?’, అంటే ఈ పెట్టె వుపర్టాల్ వెళుతుందా అని అడిగి ఉండాల్సింది. డోర్ట్‌మున్ట్‌లో దిగి, చలిలో వేరే బండి కోసం నిలబడ్డప్పుడు తెలిసింది, ప్రశ్నలో వ్యాకరణం ఒప్పు కావడం వేరు, అడగాల్సిన వస్తువును అడగడం వేరు.

పస్ట్ అంటే కుదిరింది. చొక్కా ఒంటికి, తాళంచెవి తాళానికి, సమయం ఇద్దరికీ కుదరడం. ‘పస్ట్ దస్ జో?’ అంటే ‘ఇలా ఉంటే సరేనా?’ పేషెంటుకు దిండు సర్ది ఈ మాట అడిగితే ఎంతో ఆప్యాయంగా ఉంటుంది. దిండు విషయంలో ‘ఇస్ట్ దస్ రిహ్టిహ్?’ అన్నారనుకోండి, దిండుకూ ఒప్పు తప్పులున్నాయా అని ఆ పెద్దావిడ నవ్వుకుంటుంది. దక్షిణ జర్మనీలో దీన్ని రోజుకు వందసార్లు వింటారు. ఇప్పుడు అంతటా పాకింది. ‘పస్ట్ షోన్’ అంటే మాత్రం ‘ఫర్వాలేదులే’ అని.

ఇక వాక్యం చివర తగిలించే ‘కదా’. దానికి ఓడర్. ఓడర్ అంటే ‘లేక’. హోటల్లో ‘త్సుజామెన్ ఓడర్ గెట్రెన్ట్?’ అని అడుగుతారు కదా, అందరి బిల్లూ కలిపా, లేక విడివిడిగానా అని. వాక్యం చివర ‘ఓడర్?’ అని వదిలేస్తే, ‘రేపు వస్తున్నారు, లేక...’ అని ఆపి ఎదుటివారి వైపు చూసినట్టు. ‘జీ కోమెన్ మోర్గెన్, ఓడర్?’ ‘రేపు వస్తున్నారు కదా?’ పుస్తకాల్లో నేర్పే ‘నిహ్ట్ వార్?’ తప్పు కాదు. నోటి మాటల్లో మాత్రం అది ఇస్త్రీ చేసిన చొక్కాలా కాస్త బిగుసుకుని ఉంటుంది. పెద్దవయసువారు అంటే వినసొంపుగా ఉంటుంది, మీ వయసులో ఓడర్ చాలు. ఉత్తరాన ‘నె?’ అంటారు, బవేరియాలోనూ హెస్సెలోనూ ‘గెల్?’, బెర్లిన్‌లో ‘వా?’ మన ‘కదా, కదూ, కదండీ’ల లాగే. విని అర్థం చేసుకోండి, అనుకరించడానికి తొందరపడవద్దు. పొరుగూరి యాస అరువు తెచ్చుకుని మాట్లాడేవారిని చూస్తే మనకూ నవ్వొస్తుంది.

ఓడర్ పేరుతో ఒక నది కూడా ఉంది. పోలండ్ సరిహద్దులో ఆ నది ఒడ్డున ఒక ఫ్రాంక్‌ఫుర్ట్ ఉంది. మన విమానాలు దిగే ఫ్రాంక్‌ఫుర్ట్ మైన్ నది మీద ఉన్న వేరే ఊరు. రైలు టికెట్ కొనేటప్పుడు ‘ఫ్రాంక్‌ఫుర్ట్, ఓడర్?’ అని మాత్రం అడగకండి. మీరు ‘ఫ్రాంక్‌ఫుర్టే కదా’ అనుకుంటారు, ఆయన రెండో ఊరికి టికెట్ కొట్టి ఇస్తాడు.

ఇప్పుడు మీ రక్తపరీక్ష. నేర్చుకోవాల్సినవాటిలో ముఖ్యమైనది ఇదే, ఎందుకంటే మిగతావి తప్పితే చిల్లర పోతుంది, ఇది తప్పితే రోగికి ఇబ్బంది. ‘ఆమె తినలేదు కదా?’ అంటే తెలుగులో ‘అవును’ అంటాం. అడిగినవారి మాటతో ఏకీభవిస్తున్నామని చెప్పడం మన పద్ధతి. జర్మన్‌లో అడిగినవారిని వదిలేసి, సంగతినే చూస్తారు. తినడం జరిగిందా? లేదు. అయితే ‘నైన్’. ప్రశ్నలో ఎన్ని ‘లేదు’లు ఉన్నా సరే, జరగకపోతే నైన్. ఒకవేళ ఆవిడ తిని ఉంటే అప్పుడు కూడా ‘యా’ కాదు. దానికి ప్రత్యేకంగా ఒక మాట ఉంది, ‘దోఖ్’. ఇంగ్లిష్ వచ్చినవారికి ఇది కొరుకుడు పడదు, ఇంగ్లిష్‌లో దీనికి జోడీ లేదు. తెలుగువారికి మాత్రం పుట్టుకతోనే తెలుసు. ‘నీకు తెలియదా?’ అంటే ‘తెలియకేం!’ అంటామే, ‘రావా?’ అంటే ‘రాకేం!’ అంటామే, ఆ ‘కేం’ దోఖ్. ‘తినలేదు కదా?’ ‘దోఖ్.’ ‘తినకేం, తిన్నది.’

మీరు అలవాటు పడేదాకా ఇంకో రక్షణ ఉంది. వార్డులో ఒక్క మాట జవాబు ఎప్పుడూ ఇవ్వవద్దు. ‘నైన్, జీ హట్ నిహ్ట్స్ గెగెసెన్’, లేదు, ఆమె ఏమీ తినలేదు అని పూర్తి వాక్యం చెప్పండి. అప్పుడు ముందు మాట తడబడినా వెనక వాక్యం కాపాడుతుంది. ‘మందులేవీ పడవు అన్నది లేదు కదా?’ అని పేషెంటును మీరు అడగాల్సి వచ్చినప్పుడు కూడా చివర ఓడర్ తగిలించి ‘లేదు కదా’ అనే ప్రశ్న వేయకండి. ‘హాబెన్ జీ అలెర్గీయెన్?’, మీకు ఎలర్జీలు ఉన్నాయా అని నేరుగా అడగండి. జర్మన్ రానివారు ఆ వార్డులో మీరొక్కరే కాకపోవచ్చు. సిరియా నుంచో వియత్నాం నుంచో వచ్చిన పేషెంటు తన భాష పద్ధతిలో ‘యా’ అంటే మళ్ళీ అదే కథ.

అంకెల దగ్గర కూడా ఇదే జాగ్రత్త కావాలి. 57ను వాళ్ళు ఏడూ-యాభై అన్నట్టుగా ‘జీబెన్-ఉన్ట్-ఫ్యున్ఫ్‌త్సిహ్’ అంటారు. వింటూ రాసుకుంటే చేయి ముందు 7 రాసేస్తుంది. 15 ‘ఫ్యున్ఫ్‌త్సేన్’, 50 ‘ఫ్యున్ఫ్‌త్సిహ్’. చుక్కల మందు దగ్గర ఆ తేడా నవ్వుకునే తేడా కాదు. విన్న వెంటనే విడివిడి అంకెలుగా తిప్పి చెప్పండి: ‘ఐన్స్, ఫ్యున్ఫ్?’ అంటే ‘ఒకటి, అయిదు?’ ఫోనులో రెండుకు ‘త్స్వై’, మూడుకు ‘ద్రై’ ఒకేలా వినిపిస్తాయని జర్మన్లే రెండును ‘త్స్వో’ అని పలుకుతారు. మీరూ అలాగే అనండి.

గంటలు మరీ చిక్కు. ‘హల్ప్ ద్రై’ అంటే మూడున్నర కాదు, రెండున్నర. మనం దాటిపోయిన గంటకు అర కలుపుతాం, వాళ్ళు రాబోయే గంటలో సగం అయిందంటారు. మీరున్న సాక్సనీలో ఇంకో మెట్టు ఎక్కుతారు. ‘ఫిర్టెల్ ద్రై’ అంటే రెండుంబావు, ‘ద్రైఫిర్టెల్ ద్రై’ అంటే రెండు ముప్పావు. హాంబుర్గ్ నుంచి వచ్చిన జర్మన్ డాక్టరు కూడా ఈ మాట విని ‘ఎన్నింటికన్నారు?’ అని అడుగుతాడు. ఎవరూ ఆయనకు భాష రాదనుకోరు. మీరు ‘అల్జో, ఫిర్‌త్సేన్ ఊర్ ఫ్యున్ఫ్‌త్సేన్?’, అంటే 14 గంటల 15 నిమిషాలకా అని రైల్వే లెక్కలో తిప్పి అడగండి. ఆ ముందున్న ‘అల్జో’ చిన్న మాటే కానీ గొప్పది. ‘అంటే...’ అని మనం మొదలుపెడతామే, అది.

నా అభిప్రాయంలో సరిచూసుకోవడానికి అన్నిటికన్నా మంచి వాక్యం పైవాటిలో ఏదీ కాదు, ఈ తిప్పి చెప్పడమే. ‘అల్జో’ అని మొదలుపెట్టి, విన్న సంగతిని మీ మాటల్లో చెప్పి, చివర ‘ష్టిమ్ట్ దస్?’ లేదా ‘హాబె ఇహ్ జీ రిహ్టిహ్ ఫెర్‌ష్టాండెన్?’ అని ముగించండి. రెండోదానికి ‘మిమ్మల్ని సరిగ్గా అర్థం చేసుకున్నానా?’ అని అర్థం. ఇందులో మర్యాద దాగి ఉంది. తప్పు జరిగి ఉంటే అది నా వినికిడిది, మీ మాటది కాదు అని ముందే ఒప్పుకుంటున్నారు. అదే ‘జిన్ట్ జీ జిహర్?’, మీకు ఖచ్చితంగా తెలుసా అంటే ఎదుటివారి మీద అనుమానం పడ్డట్టు ఉంటుంది. ‘ఎహ్ట్?’ అనేది స్నేహితుల మధ్య ‘నిజమా!’ అనడానికి. వార్డు బయట ఉంచండి. పేషెంటుకు ఏదైనా వివరించి ‘ఫెర్‌ష్టేయెన్ జీ?’, అర్థమైందా అనడం కూడా వద్దు, పంతులుగారి గొంతులా వినిపిస్తుంది.

పైవారి పొరపాటు కనిపించినప్పుడు ఏం చేయాలో మీరు అడగలేదు, కానీ ఆ రోజు తప్పకుండా వస్తుంది. చార్టులో ఒక అంకె తేడాగా ఉందనుకోండి. ‘దస్ ఇస్ట్ ఫల్ష్’, ఇది తప్పు అని ముఖాన చెప్పడానికి మీకు ఎలాగూ నోరు రాదు. మౌనంగా ఉండడం అంతకన్నా తప్పు. ‘కన్ ఎస్ జైన్, దస్ హీర్ ఎట్వస్ నిహ్ట్ ష్టిమ్ట్?’ అనండి. ‘ఇక్కడేదో సరిపోవడం లేదేమో?’ అని. మన ‘ఏమో’ ఎంత సున్నితంగా పనిచేస్తుందో ఈ ‘కన్ ఎస్ జైన్’ అంత సున్నితంగా పనిచేస్తుంది. మీరు రాసింది ఒకసారి చూసి పెట్టమనాలంటే ‘క్యోన్టెన్ జీ కుర్ట్స్ ద్ర్యూబర్‌షావెన్?’ కొంచెం ఒకసారి చూస్తారా అని.

పదే పదే అడిగితే చులకన అవుతామా? అక్కడి పనిచోట్ల ‘ర్యుక్‌ఫ్రాగె’ అనే మాట రోజూ వింటారు. విన్నదాని మీద మళ్ళీ అడిగే ప్రశ్న అని అర్థం. సమావేశం చివర, డ్యూటీ అప్పగింత చివర ‘ఇంకా ర్యుక్‌ఫ్రాగెలు ఉన్నాయా?’ అని వాళ్ళే అడుగుతారు. దానికి పేరు పెట్టి, సమయం కేటాయించిన చోట అడగనివాళ్ళ మీదే కన్ను పడుతుంది. మీరు ఇప్పుడు చేస్తున్నది, తల ఊపడం, అదే అసలు ప్రమాదం. పైగా మన తల ఊపు పక్కకు ఉంటుంది. ‘సరేలెండి’ అని మనం ఊపింది వాళ్ళకు ‘ఏమో, లేదు’ అన్నట్టు కనిపిస్తుంది. కాబట్టి తలను కాస్త విశ్రాంతిగా ఉంచి నోటికి పని చెప్పండి. అసలు వినబడనే లేదా, ‘వీ బిటె?’ అనండి. ఉత్త ‘వస్?’ అంటే ‘ఏమిటీ?’ అని విసుక్కున్నట్టు ఉంటుంది.

ఆఫీసుల్లో పేరు రాయించేటప్పుడు ఇంకొక్క జాగ్రత్త. జర్మన్‌లో ‘ఎ’ అక్షరాన్ని ‘ఆ’ అంటారు, ‘ఇ’ని ‘ఏ’ అంటారు, ‘ఐ’ని ‘ఈ’ అంటారు. మీరు ఇంగ్లిష్ అలవాటులో ‘ఏ’ అంటే గుమాస్తా వేరే అక్షరం రాస్తాడు. ‘జె’ పేరు ‘యోట్’. జ్యోతి అనే అమ్మాయిని పేరు చదివి పిలిస్తే ‘యోటీ’ అంటారు, వెంకట్‌ను చాలామంది ‘ఫెంకట్’ చేస్తారు. అక్షరానికి ఒక ఊరి పేరు జోడించి చెప్పండి: ‘యోట్ వీ యేనా’, యేనా ఊరిలోని యోట్ అని. 2022లో అక్కడి ప్రమాణాల సంస్థ ఈ ఊళ్ళ పట్టికను తెచ్చింది. పాత పట్టికలో అంటోన్, బెర్టా అని మనుషుల పేర్లుండేవి. అందులోని యూదుల పేర్లను 1934లో నాజీలు తీసేయించిన చరిత్ర ఉంది, కొత్త పట్టికకు అదొక కారణం. అయినా ఫోనులో చాలామంది ఇంకా అంటోన్, బెర్టా అనే అంటారు, రెండూ చెల్లుతాయి. చివరికి కాగితం మీ ముందుకు తిప్పి ‘బిటె షావెన్ జీ, ఓప్ అలెస్ ష్టిమ్ట్’ అంటారు, అన్నీ సరిపోయాయో లేదో చూసుకోండి అని. ఆ క్షణంలో తొందరపడకండి. ఇంటిపేరు, పేరు తారుమారు అయ్యాయేమో వేలుపెట్టి చదవండి. వరుసలో వెనక పదిమంది ఉన్నా సరే.

మీరు అడిగింది సరిగ్గా ఉంటే వాళ్ళు ‘గెనౌ’ (అచ్చంగా అంతే) అంటారు, లేదా ‘ష్టిమ్ట్’, ‘రిహ్టిహ్’, ‘పస్ట్’. డ్రెస్డెన్‌లో ఇంకొకటి కూడా అంటారు, ఏ పాఠ్యపుస్తకంలోనూ మీకు నేర్పనిది. సాక్సనీ యాసలో అవుననడానికి ‘ను’ అంటారు. మన చెవికి, ఇంగ్లిష్ అలవాటుపడిన చెవికి మరీనూ, అది ‘నో’లా వినిపిస్తుంది. మీ ఇంటావిడ మూడు నెలలుగా మీరు అడిగిన ప్రతిదానికీ సరే, అలాగే అంటోంది. ఈ సాయంత్రమే సైకిల్ తుడిచి మెట్ల కింద పెట్టుకోండి. గొలుసుకు కాస్త నూనె కూడా వేయండి, తుప్పు పట్టి ఉంటుంది.